పసుపు కాగితం మీద రెండు సంతకాలు

1991 జూన్ 10న ధర్మపురి మామిడి మండీలో గుమాస్తాగా చేరిన శ్రీ లోకనాథన్ గారు ముప్పై నాలుగేళ్ల సేవ అనంతరం పదవీ విరమణ చేస్తున్నారు. తొలి పదేళ్లు తూకం చీట్లు రాశారు. ఆపైన తోటల ఒప్పందాలన్నీ వారి చేతిమీదుగానే నడిచాయి. ఇరుపక్షాల సమ్మతితో కొత్త ఒప్పందం వస్తే పాతదాన్ని నెరవేర్చనక్కరలేదన్న చట్ట నియమం వారికి కంఠస్థం.

మండీ యజమాని, అందరూ ముదలాళీ అని పిలిచే శ్రీ వెంకటేశన్ గారు లాభనష్టాలు బేరీజు వేయకుండా ఎవరినీ మెచ్చుకునే మనిషి కారు. ఆయన దృష్టిలో లోకనాథన్ గారి విలువ తేలింది 2017 వేసవిలో.

మే నడుమ ముగిసే తమిళ నెల చిత్తిరై ఆఖరులోగా గుజ్జు ఫ్యాక్టరీ నుంచి పూర్తి ఆర్డరు వస్తే తోట కాపంతా మండీకే ఇస్తానని, అంతవరకు బయట అమ్మనని పెరియంపట్టి రైతు లక్ష్మమ్మాళ్ గారు సంతకం చేసి ఉన్నారు. నెల సగమయ్యేసరికి సగం ఆర్డరే వచ్చింది. కాయ చెట్టున ఆగదు. సగం కాపు మండీకి, మిగతాది ఆమె ఇష్టానికి అని ఆమె, వెంకటేశన్ గారు కొత్త ఒప్పందానికి వచ్చారు. పాత కాగితం మాత్రం మండీలో దేవుడి అరలోనే ఉంది. మూలలకు పసుపు పెట్టిన కాగితాన్ని చించడం ఆ ఇంటి ఆచారంలో లేదు.

"అది అట్లనే ఉండనీ. కొత్తది రాయప్పా," అన్నారు వెంకటేశన్.

"పాతది బల్లమీదికి వస్తేనే నా పేనా కదిలేది, ముదలాళీ. రేపు మిగతా ఆర్డరు వస్తే ఈయమ్మను దాంతో కట్టేయరా?"

"పసుపు కాగితం చించమంటావా?"

"చించొద్దు. దీని బదులు ఈ పొద్దు కొత్తది రాసుకున్నామని దానిమీదే అడ్డంగా రాస్తాను. ఇద్దరూ సంతకం పెట్టండి."

లక్ష్మమ్మాళ్ నవ్వారు. "నీకు జీతమిచ్చేది ఆయనా, నేనా, లోకనాథా?"

"ఆయనే, అక్కా. అందుకే ఆయన సంతకం ముందు."

పదకొండో రోజున మిగతా ఆర్డరు వచ్చింది. వెంకటేశన్ గారు అరలోంచి పాత కాగితం తీశారు. అడ్డంగా ఉన్న తన సంతకం చూసుకుని, మడిచి మళ్లీ అరలో పెట్టారు. ఆ ఏడు ఫ్యాక్టరీకి అడిగినంత సరుకు పంపలేకపోయారు. దాన్ని నష్టంగానే ఎంచారు. మరుసటి ఏడు లక్ష్మమ్మాళ్ వెంట మరో నలుగురు తోటల రైతులు వచ్చారు. "లోకనాథన్ రాస్తేనే మేము సంతకం పెట్టేది," అన్నారు.

పోయిన వారం లోకనాథన్ గారే ఇంకొక పసుపు కాగితాన్ని బల్లమీద పెట్టారు. ఒంట్లో ఓపిక ఉన్నంతవరకు పనికి వస్తానని చేరిననాడు ఇచ్చిన మాట అది. వెంకటేశన్ గారు కాసేపు పేనా పట్టుకోలేదు. చివరికి తానే అడ్డంగా రాశారు: "దీని బదులు, ఇకమీదట ఈ మండీకి పెద్దమనిషిగా రావలెను." ఇద్దరూ సంతకాలు చేశారు.

శ్రీ లోకనాథన్ గారు, వారి సతీమణి శ్రీమతి కమలవేణి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లుగాక. ఈ కోరికకు షరతులేవీ లేవు.