సొరనూనె పోసిన కారు

ఎల్లాజీకి బండి తోలడం వచ్చు. బాగా వచ్చు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, బస్సు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని శ్రీకాకుళం నుంచి టెక్కలి దాకా మూడేళ్లు తోలాడు. ఒక్క మేకపిల్లను తొక్కలేదు. ఆ ఒక్క సంగతి చెప్పుకున్నా ఎవరైనా పిలిచి పని ఇచ్చేవారు. ఏం లాభం, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి వాడికి నోరు రాదు.

యుద్ధం అయిపోయి ఆ బస్సు తుక్కులోకి పోయాక, ఏడాదిగా అత్తారింట్లో కూర్చుని తింటున్నాడు. మామ ఏమీ అనలేదు. అత్త మాత్రం ఈ మధ్య చేప తలకాయ అల్లుడి కంచంలో వెయ్యడం మానేసింది. ఎల్లాజీ మనసు చివుక్కుమంది. ఈసారి ఉత్త చేతులతో ఇంటికి పోకూడదనుకున్నాడు.

బావమరిది అప్పలసూరి అరసవల్లిలో కాశీవిశ్వనాథం షావుకారు కొట్లో బస్తాలు మోస్తాడు. షావుకారు పాత కారొకటి కొన్నాడు, డ్రైవరు కావాలన్నాడు. అందుకని ఆ పొద్దున్నే అప్పలసూరి బావను వెంటబెట్టుకొచ్చి షావుకారు అరుగు మీద నిలబెట్టాడు. గుమ్మంలో షావుకారు తల్లి పార్వతీదేవి చింతపండు గింజలు తీస్తోంది.

"అదిగో బండి. ఆయిలు కారుతన్నాది," అన్నాడు షావుకారు దిగులుగా. "ఒకరోజు మడుగు కట్టీసి, మళ్లీ దానంతటదే ఆగిపోతాది. ఇద్దరు మేస్త్రీలు వచ్చినారు, విప్పినారు, బిగించినారు. ఏటీ తేలలేదు. ఇలాటిది నువ్వెప్పుడైనా బాగు సేసినావేటి?"

ఎల్లాజీ ఒకసారి బాగు చేశాడు. వదులైన బోల్టు ఒకటి బిగించాడు. అంతవరకే చెప్పి ఊరుకుందామనే మొదలెట్టాడు.

"సెయ్యకేటి బాబూ! శృంగవరపుకోటలో సీతారామారావుగోరని మామిడితోటల ఆసామి. ఆయన కారూ ఇలాగే కారీది. నేను కిందకి దూరి, కారిన సుక్క ఏలితో తీసి నాలిక మీద ఏసుకున్నాను. 'ఎనకాల వరస, ఎడం నుంచి మూడో బోల్టు' అని సెప్పీసినాను. బిగించినాను, ఆగిపోనాది."

"నాలికతోనా?" అంటూ షావుకారు ముందుకి జరిగాడు.

ఆ జరగడమే కొంప ముంచింది. వినేవాడు జానెడు ముందుకొస్తే ఎల్లాజీ ఆమడ దూరం పోతాడు.

"వైద్యుడు నాడి సూసినట్టే బాబూ. ఇంజను పైన కారితే సేదు, కింద కారితే కారం, పక్క నుంచైతే కూసింత ఉప్పదనం. అదొక లెక్కా! ఆ తర్వాత ఏటైందో తెలుసా? అదే కారులో భావనపాడు బయల్దేరినాం, టెక్కలి దాటీసరికి గతుకులో రాయి తగిలి ఇంజను కింద కన్నం పడిపోనాది, ఆయిలు బొడబొడా కారిపోతన్నాది, మేస్త్రీ లేడు, మనిషి లేడు, ఏటి సేస్తాను, బండి కింద ఎల్లకిలా ఏలాడి, కాళ్లు ఇరుసుకి మెలేసి, బొటనేలు కన్నంలో పెట్టీసినాను. అలాగే పన్నెండు మైళ్లు!"

"మరి బండి ఎవులు తోలినారు బావా?" అన్నాడు అప్పలసూరి.

"ఆసామే తోలినాడురా. నేను కింద నుంచి కుడీ ఎడమా సెప్తన్నాను."

"కిందనుంటే దారెలాగ కనిపిస్తాది?"

"దారెందుకురా? గిట్టలు కనిపిస్తే ఎద్దు, మడమలు కనిపిస్తే మనిషి. ఆ ఇరవై మైళ్లలో ఒక్క కోడిని తగల్లేదు!"

పన్నెండు ఇరవై ఎప్పుడయ్యాయో ఎవరూ అడగలేదు. షావుకారు నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ నవ్వు చూసి ఎల్లాజీకి పని దొరికినంత సంబరమైంది.

"ఆ తర్వాత ఏటైందో తెలుసా? సముద్రం ఒడ్డుకి ఎల్లీసరికి ఇంజనులో సుక్క లేదు. అప్పుడే ఎర్రన్నని ఒక సేపలోడు తాటిమానంత సొరసేపని ఒడ్డుకి లాగినాడు. దాని కార్జం కాయించి, ఆ నూనె ఇంజనులో పోయించినాను. పిల్లి గురక పెట్టినట్టు ఎంత మెత్తగా తిరిగిందనుకున్నారు! ఒకటే సిక్కు బాబూ. సొరనూనె కదా, బండి రోడ్డు మొగం సూడదు. ఎటు తిప్పినా సముద్రం ఏపే."

"నీటిలోకి ఎల్లిపోనాదా?" అప్పలసూరి కళ్లు చేటలంత అయ్యాయి.

"ఎల్లడమేట్రా, ఈదీసినాది! మావోడేనని ఎనకాల నలభై సొరలు తోడొచ్చినాయి. నడి సముద్రంలో నీటి కింద నుంచి జపానోడి ఓడ పైకి లేసినాది. నేను హారను కొట్టి దీపాలేసినాను. వాడు సూసినాడు. ఇంగ్లీసోడు కార్లే సముద్రం మీద తోలీస్తన్నాడు, ఇంక మనవల్ల కాదనుకుని, తెల్లగుడ్డ ఊపీసి ఎల్లిపోనాడు. యుద్ధం ఆగిపోనాదంటే ఊరికినే ఆగిందేటి బాబూ!"

షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతలో గుమ్మంలోంచి పార్వతీదేవి అంది, "జపానోడి మాటకేటి గానీ నాయనా, ఆ నాలిక సంగతి సూపించు. పొద్దున్న కూడా కారినాది."

తప్పేదేముంది? ఎల్లాజీ కారు కిందకి దూరాడు. నల్లటి మడుగు. వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాడు.

నువ్వుల నూనె!

మసి కలిసి కరకరలాడుతోంది, అయినా నువ్వుల నూనే. చిన్నప్పుడు వేడన్నంలో వాళ్లమ్మ వేసిన నూనే. నాలుక ఒట్టేసి చెబుతోంది. కానీ కారులోంచి నువ్వుల నూనె ఎలా కారుతుంది? ఆ మాటంటే పిచ్చోడనుకుని వీధిలోకి గెంటేస్తారు. ఎల్లాజీ అత్తారింటి కంచం తలుచుకున్నాడు, గుండె దిటవు చేసుకుని బయటికొచ్చాడు.

"ఇంజనాయిలే బాబూ! ఎనకాల వరస, ఎడం నుంచి మూడో బోల్టు. అయిదొందల మైళ్లు నడిసిన ఆయిలు, అనుమానమే లేదు."

పార్వతీదేవి చేతులు దులుపుకుంది. "అది నువ్వుల నూనె నాయనా. ఈ బండి కొన్న కాడ నుంచి వంతెన మీద మూడుసార్లు ఆగిపోనాది. ఇనుము శనీశ్వరుడిది, శనివారం శనివారం నువ్వుల నూనె పొయ్యమని సిద్ధాంతిగోరు సెప్పినారు. తెల్లారగట్ల లేసి ఇంజను మూత మీద సోలెడు పోస్తన్నాను. అబ్బాయికి తెలిస్తే కేకలేస్తాడని సెప్పలేదు."

"అమ్మా!" అని షావుకారు తల పట్టుకున్నాడు. ఇద్దరు మేస్త్రీలు రెండుసార్లు విప్పి బిగించిన ఇంజను! తల్లిని ఏమీ అనలేక ఎల్లాజీ వైపు తిరిగాడు.

"నాకు తెలుసు బాబూ!" అన్నాడు ఎల్లాజీ. "నాలిక మీద పడగానే తెలిసిపోనాది, నువ్వుల నూనేనని! అమ్మతోడు!"

"తెలీకేటి! జపానోడిక్కూడా తెలిసే ఉంతాది," అన్నాడు షావుకారు. "నాకు బండి తోలీవోడు కావాలోయ్. నువ్వెల్లిరా."

బావను దిగబెట్టడానికి అప్పలసూరి కూడా వెంట నడిచాడు. మూడేళ్లు బస్సు తోలిన మాట ఒక్కసారైనా అనలేదని అప్పుడు గుర్తొచ్చి ఎల్లాజీకి ఏడుపొచ్చినంత పనైంది. ఊరు దాటాక బావమరిది భుజం పట్టుకున్నాడు.

"సూరీ, నువ్వైనా నమ్మరా. అది నువ్వుల నూనేనని నిజంగా తెలిసినాది."

అప్పలసూరి ఆగి బావ మొహంలోకి చూశాడు. బావ మీద వాడికి ప్రాణం.

"సొరలు తోడొచ్చినాయన్నావు, నమ్మీసినాను. జపానోడు తెల్లగుడ్డ ఊపినాడన్నావు, అదీ నమ్మీసినాను," అన్నాడు జాలిగా. "ఇది మాత్రం మరీ కోతలాగున్నాది బావా."