మ్యాపులో మన వీధి పచ్చగా ఉంది

ఫ్యాక్టరీలో పెద్ద ట్యాంకు తెరిచి కడిగేది రేపే. అందులోంచి గ్యాసు బయటికొస్తే ఎంత దూరం పోతుందో, పీల్చినవాళ్ళకి ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కకట్టే ఉద్యోగం మా వీధి చివరింటి బాబాయ్‌ది. టీకొట్టు పిన్ని గ్లాసు అందిస్తూ ఆయన్నే అడిగింది.

"బాబూ, లోపల మా అమ్మాయి బాలింత. పసిగుడ్డుకి ఆ గాలి తగిలితే ఎలా? ఇద్దర్నీ ఎక్కడికైనా పంపెయ్యనా?"

బాబాయ్ కాలుమీద కాలేసుకున్నాడు. ఇక చూసుకోండి.

"పంపడమా? నేనుండగానా? ఆ మ్యాపు గీసిందెవరనుకున్నావు పిన్నీ? ట్యాంకులో సరుకెంత, గాలి వేగమెంత, ఎండెంత, అన్నీ కొట్టి ఒక్క మీట నొక్కానంటే పొగ ఎటు పోతుందో తెరమీద రంగులేసి చూపిస్తుంది. ఎరుపైతే ప్రమాదం, పసుపైతే దగ్గు, ఆకుపచ్చైతే హాయి. మన వీధంతా పచ్చగా మెరిసిపోతోంది. మా మేనేజరు నోరెళ్ళబెట్టాడనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకాస్త సానపెట్టాను. ఇప్పుడది ఏ ఇంట్లో ఎవరు దగ్గుతారో కూడా చెప్పేస్తుంది."

"పొడి దగ్గా, కఫమా?" అన్నాడు పక్క షెడ్డు వెల్డరు.

"రెండూ చెబుతుంది, నవ్వకు. పెద్దాసుపత్రి డాక్టరు పొద్దున్నే నాకు ఫోన్ చేసి, 'ఇవాళ ఎంతమంది వస్తారండీ' అని కనుక్కుని గానీ తలుపు తియ్యడు. మొన్నైతే ఎవడికో కళ్ళు మండుతున్నాయని చూపించింది. వెళ్ళి చూద్దును కదా, వాడింకా పుట్టనేలేదు! వాళ్ళమ్మకి జాగ్రత్తలు చెప్పొచ్చాను."

"మరి గాలి నీ మాట వింటుందా బాబాయ్?" అన్నాడు వెల్డరు.

"వినకేం? ఒకరోజు అది నా మ్యాపుకి అడ్డంగా వీచింది. నాకు ఒళ్ళు మండి, మౌస్ పట్టుకుని బాణం గుర్తుని ఇలా తిప్పానా, కిటికీ బయట చెట్లన్నీ ఇటు ఒరిగాయి! ఆరేసిన బట్టలు ఎగిరి ఎవరివి వాళ్ళ ఇళ్ళకే చేరాయి, అదీ మడతపెట్టి. అప్పట్నుంచీ గాలి బయల్దేరేముందు నా కిటికీ దగ్గర నిలబడి, 'ఎటు పొమ్మంటారు సార్' అని అడిగి మరీ వెళుతోంది. రేపు ఈ వీధి మొహం చూడొద్దని దానికి గట్టిగా చెప్పేశాను."

పిన్ని మొహం తేటపడింది. "నీ నోటి చలవ బాబూ, అయితే ఉంచేస్తాను" అంది.

అంతలో బాబాయ్ బావమరిది స్కూటర్ మీద వచ్చి ఆగాడు.

"ఇక్కడున్నావా బావా! మా అక్కా పిల్లలూ మా ఇంటికి చేరారు. ట్యాంకు పని పూర్తయ్యేదాకా వెనక్కి పంపొద్దన్నావట కదా. చిన్నాడికి వాడి దిండు లేకపోతే నిద్ర పట్టదట, ఇంటి తాళం ఇవ్వు."

వెల్డరు మెల్లగా, "బాబాయ్, మీ ఇల్లు కూడా పచ్చే కదా?" అన్నాడు.

బాబాయ్ గ్లాసులోకి చూస్తూ తాళం తీసిచ్చాడు. "పిల్లలు కదరా... లెక్క తప్పితేనో అని భయమేసింది."

పిన్ని కోప్పడలేదు. స్టవ్ ఆర్పి, చేతులు తుడుచుకుంటూ బావమరిది వైపు తిరిగింది.

"మీ ఇంట్లో ఇంకో ఇద్దరికి చోటుంటుందా నాయనా? ఒకళ్ళు మరీ చిన్న. దిండు కూడా అక్కర్లేదు."