సంతకం

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో భోజనాల వేళ యంత్రాలు ఆగాయి. సూపర్‌వైజరు కట్టలోంచి మొదటి కాగితం తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్లుగా ఆ బల్ల దగ్గర నిలబడి పనిచేస్తున్న ఆమెకి అది చదివేసరికి ఒళ్లు మండింది.

“ఇక్కడ తప్ప ఇంకెక్కడా పనిచెయ్యనని రాసుంది, అంతే. సంతకం పెట్టక్కా.”

“తెల్లవారుజామున బడి గదులు ఊడుస్తున్నానని ఎవరు మోశారు?”

“నిన్న నిలబడే కునుకు తీశావ్. దుప్పటి మాడింది. పైవాళ్లు ఆరా తీశారు.”

“నా చెయ్యి కాలినప్పుడు ఎవడూ తియ్యలేదే!”

“చట్టం చెప్పిన కనీస జీతం పైసా తగ్గకుండా ఇస్తున్నాం కదా.”

“కాదన్నానా? అది ఇంటద్దెకీ సరుకులకీ సరి. మా అమ్మ మందులూ పిల్లదాని ఫీజూ ఆ చట్టంలో ఏ మూలున్నాయి తమ్ముడూ?”

“నన్నడిగితే ఎలా?”

“సరే, పెడతాను. ముందు దీని మీద ఒక్క ముక్క రాయి, ఈ జీతంతో ఓ కుటుంబం బతకగలదని. కింద నీ సంతకం పెట్టు. దాని కింద నేను పెడతా.”

అతను పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

“అదెలా రాస్తానక్కా? మా ఆవిడ కుట్టుపని చేస్తేగానీ మాకే గడవదు.”

“మరి నన్నెలా పెట్టమన్నావ్?”

“పెట్టకపోతే రేపట్నుంచి రావద్దంటారు.”

“ఆ మాట నీ చేత అనిపించడం కాదు, వాళ్లనే వచ్చి నా మొహాన అనమను!”

పక్క బల్లల దగ్గర అన్నం తింటున్న ఆడవాళ్లందరూ విన్నారు. ఆ సాయంత్రం సూపర్‌వైజరు పైకి పట్టుకెళ్లిన పద్నాలుగు కాగితాల్లో ఒక్కదాని మీదా సంతకం లేదు.