ఫిలొమీన్ నడక

న్యూ ఆర్లియన్స్, ట్రెమే పేట. శనివారం పొద్దున క్లోటిల్డ్ వంటగది. ఎదురుగా వెండెల్. ఊళ్లో కొత్తగా తెరుస్తున్న జాజ్ మ్యూజియం కోసం పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసేది అతనే.

“కూర్చోను మిస్ క్లోటిల్డ్. కారు బయట ఆపి వచ్చాను. మీ అక్కగారిని కూడా ఎక్కించుకుని—”

“కూర్చో.”

“పదకొండింటికల్లా ఆవిడ మ్యూజియం రిబ్బన్ కత్తిరించాలి.”

“కూర్చో అన్నానా. తెరవకముందే చూపిస్తున్నారని నిన్న చర్చివాళ్లతో వచ్చి చూశాను మీ మ్యూజియం.”

“అవునా? చెప్పనేలేదే. ఎలా ఉంది?”

“బాగుంది. మా బావ ఎవరిస్ట్ ఫొటో గోడంత పెట్టారు. ఆయన ఊదే కోర్నెట్ బూరని అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. బతికుండగా దాన్ని ఆయన తుడిచిన పాపాన పోలేదు. ఇప్పుడు తళతళలాడుతోంది.”

“మరి...”

“పక్కన చెవులకి పెట్టుకునేవి వేలాడుతున్నాయి. పెట్టుకున్నాను. నా గొంతు.”

“మిస్ క్లోటిల్డ్—”

“నా గొంతేనయ్యా. ‘ఫిలొమీన్ నడక పాట కట్టింది మా బావే, పేరు ఆయనదే ఉన్నా రికార్డులో కోర్నెట్ వాయించింది మాత్రం నేను’ అంటోంది. ఎవరో పరాయి మనిషి చెప్తున్నట్టు విన్నాను.”

“చాలా బాగా చెప్పారు మీరు. నిన్న విన్నవాళ్లందరూ...”

“రికార్డింగ్ మిషన్ ఆపేశానన్నావు.”

“అంటే...”

“ఇదే బల్ల దగ్గర. ‘ఆపేశాను, ఇక ఊరికే మాట్లాడుకుందాం’ అన్నావు. అన్నావా, లేదా?”

“అన్నాను.”

“ఆపావా?”

“ఒకటి ఆపాను.”

“ఒకటేంటి? ఎన్ని తెచ్చావు?”

“రెండు. ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుందని. అది జేబులో ఉండిపోయింది. నిజంగా మరిచిపోయాను. ఇంటికెళ్లి విన్నాకే తెలిసింది.”

“విన్నాక చెరిపెయ్యొచ్చుగా.”

“ఎలా చెరపను? ప్రతి పెళ్లిలో, ప్రతి చావులో ఆ పాట వింటూ పెరిగాను. ఈ ఊళ్లో కోర్నెట్ పట్టుకున్న ప్రతివాడూ ముందు ఆ ముక్కే నేర్చుకుంటాడు. అది వాయించింది పంతొమ్మిదేళ్ల ఆడపిల్ల అని తెలిశాక, చెరిపెయ్యమంటారా?”

“నా నోట్లో మాట మీ మ్యూజియం సొత్తా?”

“ఊరికి తెలియొద్దా అమ్మా?”

“ఊరి గొడవ నాకెందుకు. మా అక్క సంగతి చెప్పు. ఆ పాట పేరేంటి?”

“ఫిలొమీన్ నడక.”

“మరి? కాబోయే పెళ్లాం మీద కట్టుకున్నాడు. రికార్డు వాళ్లు ఒక్కరోజుకని వచ్చారు. ముందురోజు బార్‌లో ఎవడో తాగుబోతు సీసా విసిరితే ఆయన పెదవి చీలింది. పెదవి చీలినవాడు కోర్నెట్ ఎలా ఊదుతాడు? కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ‘నువ్వు వాయించు క్లో, ఈ సంగతి మీ అక్కకి మాత్రం చెప్పకు’ అన్నాడు.”

“అప్పట్లో ఆడపిల్లల్ని చర్చిలో పియానో ముందు తప్ప కూర్చోబెట్టేవాళ్లు కాదు. మీ నాన్నగారు మీకు దొంగచాటుగా నేర్పారు. అదే జనానికి తెలియాలని నా—”

“నా కథ నాకే చెప్పకు.”

“సారీ అండి.”

“నాకు పిల్లల్లేరు వెండెల్. నువ్వు గురువారం గురువారం వస్తుంటే కొడుకొచ్చినట్టు వండి పెట్టాను. నీకు రొయ్యలు పడవని గంబో పులుసులో రొయ్యలు వెయ్యడం మానేశాను. ఇందుకేనా?”

“అలా అనకండి.”

“ఇంకెలా అనను? మా అక్క రిబ్బన్ కత్తిరించి లోపలికొస్తుంది. మొగుడి ఫొటో ముందు నిలబడుతుంది. అవి చెవులకి పెట్టుకుంటుంది. ఆ వయసులో, అంతమంది ఎదుట. నువ్వు పక్కనే నిలబడి చూస్తావా?”

“మిస్ క్లోటిల్డ్, టైమవుతోంది.”

“తీసెయ్. ఇప్పుడే వెళ్లి తీసెయ్.”

“నా చేతుల్లో లేదండి.”

“ఎవరి చేతుల్లో ఉంది?”

“కుటుంబం ఒప్పుకోకుండా మేం ఏదీ పెట్టం.”

“కుటుంబం అంటే ఎవరు? నేనేగా. నన్నెవరడిగారు?”

“మీరొక్కరే కాదు కదా.”

“అంటే?”

“తలుపు కొడుతున్నారు.”

“మాట మార్చకు. అంటే ఏంటని అడుగుతున్నా.”

“క్లో, తలుపు తియ్యవే. ఎంతసేపు?”

“అక్క వచ్చేసింది. నువ్వు నోరు మూసుకుని కూర్చో. రా అక్కా, తోసుకుని రా, గడియ పెట్టలేదు.”

“ఏంటి, ఇద్దరూ మొహాలు అలా పెట్టారు? ఈ టోపీ ఎలా ఉంది?”

“బాగుంది. అక్కా, ఇవాళ నువ్వు వెళ్లకపోతేనేం?”

“ఏం?”

“మోకాలు నొప్పన్నావుగా.”

“రిబ్బన్ మోకాలితో కత్తిరిస్తానా?”

“ఎండ మండిపోతోంది.”

“కారుందిగా. వెండెల్, కారు తెచ్చావా?”

“తెచ్చాను మిస్ ఫిలొమీన్.”

“మరింకేం.”

“సరే, వెళ్దాం. కానీ అక్కడ చెవులకి పెట్టుకునేవి ఉన్నాయి. అవి మాత్రం పెట్టుకోకు. అందరూ పెట్టుకుంటారు, పేలు పడతాయి.”

“నా తలకాయ మీద వెంట్రుకలు ఎన్నున్నాయని పేలు పడ్డానికి?”

“నా మాట విను అక్కా.”

“నీ మాట విన్నానులే క్లో.”

“ఏం విన్నావు?”

“అందులో ఉన్నదంతా. వెండెల్ మా ఇంటికి తెచ్చి వినిపించాడు.”

“వెండెల్, నువ్వు అక్కడికి కూడా—”

“వాణ్ణి కాదు, నన్ను చూడు.”

“అక్కా, నీకు చెప్పకూడదని కాదు. బావ ఒట్టు వేయించుకున్నాడు. పెళ్లి ముందు నీ మనసు విరిగిపోతుందని భయపడ్డాడు. తర్వాత ఇంక ఎప్పుడు చెప్పాలో...”

“నాకు పెళ్లిరోజే తెలుసు.”

“ఏం తెలుసు? ఎలా?”

“నీ పక్కన పడుకుని పెరిగినదాన్ని. కోర్నెట్ ఊదుతూ పై స్వరానికి వెళ్లే ముందు ఎక్కిళ్లొచ్చినట్టు చిన్నగా ఆగుతావు. నాన్న ఎంత తిట్టినా ఆ అలవాటు పోలేదు నీకు. పెళ్లి విందులో రికార్డు పెట్టారు. అందరూ చప్పట్లు. మీ బావ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. రికార్డులో నువ్వు ఆగావు. నీకేసి చూశాను. నువ్వు తల వంచుకుని కేకు కోస్తున్నావు.”

“అప్పుడే అడగొచ్చుగా.”

“నేనెందుకు అడగాలి? చెప్పాల్సింది మీరు. ఆయన చెప్తాడని చూశాను. ఆ పాట పెడితే చాలు, లేచి వరండాలోకి పోయేవాడు. అందరూ సిగ్గనుకునేవాళ్లు. చివర్లో ఆస్పత్రిలో దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఇప్పుడు చెప్తాడనుకున్నాను. నీళ్లడిగాడు.”

“అక్కా...”

“సరే, ఆయన పోయాడు, ఇంక నువ్వైనా చెప్తావని చూశాను. పొద్దున కాఫీ నేనిక్కడే తాగుతాను. జ్వరమొస్తే నువ్వు మా ఇంట్లోనే పడుకుంటావు. చెప్పలేదు. నిన్నగాక మొన్న పరిచయమైన అబ్బాయికి చెప్పావు.”

“పొరపాటున నోరు జారింది అక్కా.”

“అదే. నా దగ్గర ఎప్పుడూ జారలేదు.”

“మిస్ ఫిలొమీన్, ఇప్పటికైనా మీరు ఊఁ అంటే తీసేస్తాను. ఫోన్ చేస్తే చాలు.”

“అను అక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను, తీసెయ్యమను. ఊరు ఎంతగానో తలుచుకునే మనిషి ఆయన. నిన్ను చూసి నవ్వుతారు. వీడు నన్ను మోసం చేశాడు గానీ, నిన్ను కూడా బజారుకీడ్చాలా?”

“తీసేస్తానని వీడు ఆ రోజే అన్నాడు. పెట్టమన్నది నేను. మీరిద్దరూ కలిసి నా దగ్గర దాచినదాన్ని ఇన్నేళ్లూ ఒక్కదాన్నే కూర్చుని విన్నాను క్లో. ఇక ఊరంతా విననీ.”