తట్ట దించి ఎత్తేలోగా

సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు మా పెద్దమ్మ గౌరమ్మ టీవీ పెట్టి, సౌండు తగ్గించి, చేట ఒళ్ళో పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నెల్లిమర్లలో ఆమెది రెండు గదుల ఇల్లు. మిల్లులో పనిచేసిన పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. సీరియల్ ఏడింటికి. "ఇరవై నిమిషాల ముందే ఎందుకు పెద్దమ్మా, అంత బాగుంటుందా?" అని అడిగాను.

"బాగుంటాదని ఎవులన్నార్రా నీకు? తిట్టుకోడానికి సూస్తన్నాను. ఆ పెద్దకోడలు నిద్దర్లో కూడా పట్టుసీర కట్టుకునే ఉంటాది, వడ్డాణంతోటి. పక్కకి తిరిగితే గుచ్చుకోదేటి? ఇంట్లో పన్నెండు మందున్నారు, ఒక్కలూ గిన్నె తోమరు. కుట్రలన్నీ మెట్ల మీద నిలబడి గట్టిగానే సెప్పుకుంటారు, కిందనున్నోళ్ళకి ఇనబడదు. ఒక్క మాటంటే పదిమంది మొకాలూ మూడేసి సార్లు సూపిస్తాడు, మధ్యలో ఉరుమొకటి. ఈలోగా నా సిక్కుడుకాయలు అయిపోతాయి. సిన్నకోడలు మంచిదే, కాదన్ను. గానీ పాలల్లో విషం ఎవులు కలిపినారో తెలిసి కూడా, ఇంటి పరువని నోరు మూసుకుంటాది సూడు, అది మంచితనం కాదు, బుద్ది తక్కువ. నానైతే ఆ పాలు కలిపినోళ్ళ సేతే తాగించీదాన్ని.

అప్పట్లోది ఇలాగుండీది కాదు. వారానికొక్కసారే. ఈ వీధికంతటికీ టీవీ మనదొక్కటే. మీ పెదనాన్న బోనసొచ్చిన ఏడు కొన్నారు... కాదు కాదు, ఆ తరవాతేడు, మీ అమ్మ పెళ్ళయిన ఏడు. యాంటినా తిప్పడానికి ఒకలు మేడెక్కాల, కిందనుంచి మనం 'ఇంకొంచెం, ఇంకొంచెం' అని అరవాల. అందులో అత్త మాణిక్యాంబ. ఓలమ్మ, ఏటి మనిసి! తెల్లసీర, సేతికి ఒక్క గాజు. అరవనక్కర్నేదు. కాఫీ గలాసు కింద పెట్టిన సప్పుడికే మనం బయపడీవోళ్ళం.

ఆ కత నాను నూకాలుకి సెప్పాల. నూకాలంటే నీకు గేపకం ఉండదు, సేపలమ్మీది. పూసపాటిరేగ అవతల, సముద్రం ఒడ్డునుంచి మొదటి బస్సుకి వచ్చీది. నిండు తట్ట ఒక్క మనిసి దించుకోలేదు, ఎత్తుకోలేదు, తెలుసు కదా నీకు? కొన్నోళ్ళే సెయ్యెయ్యాల. అందుకని మా ఇద్దరికీ ఓ బేరం. తట్ట దించిన కాడినుంచి ఎత్తిందాకా కత. 'సాయంత్రం వలలకాడ ఉంటాను, నాకెక్కడ కుదురుతాదప్పా, నువ్వు సెప్పు' అనీది. నాను మాణిక్యాంబలాగ మెడ తిప్పి మరీ సెప్పీదాన్ని. రెండ్రూపాయలకి పోగు నెత్తళ్ళు, ఏలెడేసి సిన్నసేపలు. కత బాగుంటే పైన ఇంకో గుప్పెడు.

ఓ రోజు తట్ట దించినాను. మనిసి మొకం ఎలాగో ఉన్నాది. ఏటే అంటే, కోడల్ని పుట్టింటికి తగిలీసినానన్నాది. ఒడ్డున ఎండేసిన సేపల్ని ఆ కోడలు గుంట వానొచ్చినా తియ్యనేదంట. అన్నీ కుల్లిపోనాయి. మాటా మాటా పెరిగీసింది. ఆ పిల్లకి అయిదో నెల. 'మరి ఎల్లి తెచ్చుకో' అన్నాను. 'నానెల్లాలా? ఒడ్డంతా నవ్వరా?' అన్నాది. అనీసి, 'సరేగానీ, కత సెప్పు' అన్నాది.

ముందురోజు ఏటి సూపించినాడంటే, కోడలు వానలో తడుసుకుంటా వస్తే మాణిక్యాంబ గేటుకి తాళమేసీసింది. అది సెప్తే ఇది ఇంకా బిగుసుకుపోదేటి? అప్పుడు నా నోటికి ఏటొచ్చిందో నాకే తెల్దు. మాణిక్యాంబే బస్సెక్కి, కోడలి పుట్టింటికెల్లి, గుమ్మంలో నిలబడి, 'నడు పిల్లా, నీ గలాసు నువ్వు పెట్టినకాడే ఉన్నాది' అన్నాదని సెప్పీసినాను.

'కారున్న మనిసి బస్సెందుకెక్కినాదప్పా?' అన్నాది నూకాలు.

'డ్రైవరు సెలవెట్టినాడే.'

'ఒట్టేనా?'

'ఒట్టే.'

'పైడితల్లి మీదొట్టు?'

ఏటి సెయ్యను? పైడితల్లి మీదొట్టు అనీసినాను. అది నన్నలా సూసి, తట్టెత్తమన్నాది. ఆ రోజు నెత్తళ్ళు రెండు గుప్పిళ్ళు పైనేసినాది.

రెండు వారాలు రానేదు. మూడో వారం ఇద్దరొచ్చినారు. తట్ట అత్త తలమీదే, కోడలు వట్టి సేతుల్తోటి. దాన్ని మన అరుగుమీద నీడన కూకోబెట్టి, 'దీనికి కూడా కత సెప్పప్పా' అన్నాది.

సెప్పినాను. నవ్వినాను. గానీ ఆ ఒట్టు లోపలుండిపోనాది రా. దొంగొట్టు కదా. పైడితల్లి సిరిమాను పండక్కి ప్రతేడూ ఇజీనగరం ఎల్తన్నాను, దండమెడతన్నాను, అమ్మకి ఆ ఒక్క మాట సెప్పలేకపోతన్నాను. నూకాలుకి సెప్పీద్దావంటే, ఈరోజు రేపనుకుంటానే ఉన్నాను, అది పోనాది. నమ్మి కూకున్న మనిసికి అబద్దం సెప్పినట్టే కదా? నువ్వు పేపరోడివి, నువ్వు సెప్పు."

ఏడు కొట్టింది. పెద్దమ్మ రిమోట్ అందుకుంది.

"అదిగో, వచ్చీసింది. సల్లగుండు నాన్నా, నువ్వూ నీ పెళ్ళాం పిల్లలూ. మీ ఇంట్లో ఎవులైనా అలిగితే ముందు నువ్వే బస్సెక్కు, నలుగురూ ఏటంటారో సూసుకోకు... ఉండు, ఉండు, ఆ పాలు ఈయాల తాగుతారేటో..."

పది రోజుల తర్వాత, చేపల వేట మీద వార్త కోసం పూసపాటిరేగ అవతల ఆ ఒడ్డుకు వెళ్ళాను. నూకాలు కోడలు రాములమ్మ ఇసుకలో ఎండేసిన నెత్తళ్ళు తిరగేస్తోంది. వాళ్ళత్త నెల్లిమర్లలో విన్న కథ గురించి అడిగితే, చేతిలో పని ఆపకుండా నవ్వింది. సీరియల్ వచ్చే సాయంత్రం నూకాలు వలల దగ్గర ఉండేది కాదట. కొడుకును వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసు టీవీ ముందు, మొదటి వరసలో ఉండేదట. మాణిక్యాంబ గేటుకు తాళం వేసిన రోజు కూడా.