కిటికీ మూల మట్టి కుండ

"పెళ్లయిన నాటి నుంచీ నా మాట విన్న పాపాన పోలేదు మీరు," అంటూ ఆవిడ భర్త వాచిన చెవికి ఐసుముక్క అద్దింది.

"వినబట్టే ఈ వాపు. బాల్కనీలో గూడుందంటే, కుమ్మరి పురుగుదే, ఏం చెయ్యదు, పక్కనే బట్టలు ఆరెయ్యమన్నావు."

"ఎలా ఉందేమిటి ఆ గూడు?"

"కాగితంతో చేసినట్టుంది. నిండా గదులు, గదికో కందిరీగ."

ఆవిడ ఐసుముక్కను గిన్నెలో పెట్టి లేచింది.

"వంటింటి కిటికీ మూల ఇంకోటుందిగా," అంటూ ఆయన చీపురందుకున్నాడు.

"అది వద్దండీ. చిన్న మట్టి కుండ కట్టి, లోపల పిల్లను దాచి, మూతి పూడ్చింది. అసలు కుమ్మరి పురుగు అదే. మన జోలికి రాదు."

"పొద్దున్నా ఇదే చెప్పావు."

ఆవిడ కిటికీకి అడ్డంగా నిలబడింది.

"పొద్దున టీ తాగుతూ, లేచి చూడకుండానే చెప్పాను. తప్పు నాదండీ, దానిది కాదు."