వేదిక మీద రెండు బస్తాలు

ప్రత్తిపాడులో జిల్లా కళోత్సవానికి దరఖాస్తులు తీసుకునే ఆఖరి రోజు. మిరప కూలి ఆడవాళ్ల పాటల జట్టుకి డోలక్ కొట్టే పెద్దాయన గుమస్తా అమ్మాయి బల్ల ముందు తీరిగ్గా కూర్చున్నాడు.

"నేను డోలక్ కొడితే పొన్నూరు దాకా వినపడుద్దమ్మాయ్."

"మరి పోయినేడు పోటీలో మీ ఆడోళ్లు నోరే విప్పలేదంటగా తాతా?"

"వాళ్లు మిరపకాయలకి తొడిమలు తీస్తా పాడతారు. వట్టి చేతుల్తో నిలబెట్టేసరికి పాట మర్చిపోయారు."

"ఈసారీ అట్లాగే అయితే ఇక మిమ్మల్ని పిలవరు."

"అందుకే, వేదిక మీద కావలసినవి అన్నచోట రెండు బస్తాల ఎండుమిరపకాయలని రాయి."

ఆమె కలం ఆగింది.

"జనం తుమ్మి చస్తారు తాతా."

"మొన్న చర్చి ముందు కాయలు పోసి పాడించా. పాస్టరు గారితో సహా ఊరంతా తుమ్మింది గానీ, పాటయిందాకా ఒక్కరూ లేవలా."

ఆమె నవ్వుకుంటూ రాసింది.

"డోలక్‌కి మైకు కావాలా?"

"పెట్టించు తల్లీ. చేతుల్లో సత్తువ పోయింది. పొన్నూరు సంగతి దేవుడెరుగు, పక్కింటికే వినపడట్లా."

రసీదు జేబులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"అమ్మాయ్, ఊరంతా తుమ్మలేదులే. తుమ్మింది నేనొక్కణ్ణే. ఒక్కరూ లేవలేదన్నది మాత్రం నిజం."